తూర్పు కనుమల పాదాల చెంత వేధశాల: ఉత్తరాంధ్రలో ఔత్సాహిక ఖగోళ పరిశీలన చరిత్ర

భారతదేశంలో ఆధునిక ఖగోళశాస్త్ర చరిత్ర సాధారణంగా ప్రభుత్వ వేధశాలల చరిత్రగానే రచింపబడుతూ వచ్చింది. మద్రాసు వేధశాలతో మొదలై కొడైకనాల్ మీదుగా కావలూరు వరకు సాగే ఆ కథనంలో, ఉద్యోగధర్మంగా ఆకాశాన్ని చూసినవారికే ప్రధాన స్థానం. నిజానికి ఆ మద్రాసు వేధశాల కూడా ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పెట్రీ 1786లో సొంత అభిరుచితో ఏర్పరచుకున్నదే. కంపెనీ దానిని తరువాత స్వీకరించింది. అంటే రాజకీయ కథనపు మూలంలోనే ఒక ఔత్సాహికుడు ఉన్నాడు. జీవనోపాధి కోసం గాక జిజ్ఞాస కోసం రాత్రులు మేల్కొన్న ఇటువంటివారి చరిత్రకు తెలుగునేల మీద అతి ముఖ్యమైన ఆధారం విశాఖపట్నం. తూర్పు కనుమల కొండలు సముద్రాన్ని తాకే ఈ పట్టణంలో, డాబాగార్డెన్స్ ప్రాంతంలో, 1840లో ఒక తెలుగు జమీందారు సొంత ధనంతో వేధశాల నెలకొల్పాడు. అది అర్ధశతాబ్దికి పైగా ఒకే కుటుంబం పోషణలో నడిచింది.

ఆ జమీందారు గోడే వెంకట జగ్గారావు (1817–1856). ఆయన మద్రాసు వెళ్ళి, అప్పటి ప్రభుత్వ ఖగోళవేత్త థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద గణితాన్ని, ఖగోళాన్ని అభ్యసించాడు. టేలర్ సామాన్య గురువు కాడు. పదకొండు వేలకు పైగా నక్షత్రాల స్థానాలతో 1844లో వెలువడిన మద్రాసు నక్షత్రపట్టిక ఆయన కృషి ఫలం. అటువంటి వ్యక్తి వద్ద శిక్షణ పొందిన యువకుడు పట్టణానికి తిరిగివచ్చి దూరదర్శినిని నిలిపాడన్నది గమనించదగిన విషయం. జమీందారీ సంపన్నులు విదేశీ యంత్రాలను దివాణాలలో అలంకారాలుగా ఉంచుకోవడం ఆనాడు అరుదు కాదు. జగ్గారావుది ఆ కోవ కాదు. ఆయన ముందు విద్యార్థి, తరువాతే యంత్రానికి యజమాని.

ఆంగ్ల పత్రికలలో ఈయన పేరు ‘జగ్గరో’ అని, ఈయన అల్లుడి పేరు ‘నర్సింగ్ రో’ అని కనిపిస్తాయి. ఈ వర్ణక్రమమే వీరిని తెలుగు పాఠకుడికి దూరం చేసిందేమో! ‘రో’ అన్నచోట ‘రావు’ అని చదువుకోగానే ఉత్తరాంధ్ర సామాజిక చరిత్రలో సుపరిచితమైన గోడే, అంకితం వంశాలు కళ్ళముందు నిలుస్తాయి.

జగ్గారావు 1856లో మరణించాక వేధశాల బాధ్యత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు (1827–1892) చేతికి వచ్చింది. ఆయన కంపెనీ కొలువులో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవాడు. మామగారి వేధశాలను వారసత్వపు ఆస్తిగా గాక వృత్తిగా స్వీకరించి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి తన పరిశీలనలను పంపుతూ వచ్చాడు. 1868 నవంబరు 5న జరిగిన బుధ సంక్రమణం వాటిలో ఒకటి. 1871లో ఆయన ఆ సొసైటీకి ఫెలోగా ఎన్నికయ్యాడు.

ఆ 1868వ సంవత్సరం తెలుగునేలకు ఖగోళచరిత్రలో విశేషమైనది. ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ పథం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు ప్రభుత్వ ఖగోళవేత్త పాగ్సన్ వర్ణపటదర్శినులతో సిద్ధమయ్యారు. హీలియం ఆవిష్కరణకు దారితీసిన పసుపురేఖ కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. విశాఖపట్నం ఆ పథానికి ఉత్తరాన ఉండిపోయింది. అక్కడివారికి దక్కినది పాక్షిక గ్రహణమే. ప్రపంచ శాస్త్రజ్ఞులు ఓడలెక్కి వచ్చి తెలుగు పల్లెలలో గుడారాలు వేసుకున్న ఆ రోజున, తెలుగువాడు స్వయంగా నడుపుతున్న వేధశాల మాత్రం నీడకు కొద్ది దూరంలో నిలిచిపోవడం చరిత్రలోని చిన్న వైచిత్రి.

ఆరేళ్ళ తరువాత ఆ లోటు తీరింది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటాడు. 1769 తరువాత అటువంటి సంఘటన అదే మొదలు. భూమికి సూర్యునికి మధ్య దూరాన్ని నిర్ణయించడానికి ఆనాడు ఉన్న ఉత్తమ మార్గం ఇది: భూమి మీద దూరదూరంగా ఉన్న స్థలాల నుండి శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణాలను కొలిచి, ఆ తేడాల నుండి లంబనాన్ని గణించడం. అందుకే దేశదేశాల ప్రభుత్వాలు యాత్రలు పంపాయి. భారతదేశంలో రూర్కీ, మద్రాసు వంటి చోట్ల అధికారిక ఏర్పాట్లు జరిగాయి. విశాఖపట్నంలో ఏ ఆజ్ఞా, ఏ గ్రాంటూ లేకుండా నర్సింగరావు తన దూరదర్శిని వద్ద నిలిచాడు.

ఆ దూరదర్శిని ఇంగ్లండులోని కుక్ సంస్థ తయారుచేసిన ఆరంగుళాల ఈక్వటోరియల్. దాని పీఠంలోని ఒక అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. విశాఖపట్నం అక్షాంశం సుమారు 17 డిగ్రీల 42 నిమిషాలు కనుక ఆ అక్షం కూడా క్షితిజం నుండి అంతే కోణంలో ధ్రువనక్షత్రం దిశగా వాలి ఉండాలి. ఒకసారి అలా కుదిర్చితే, ఆ ఒక్క అక్షం చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ ఆకాశవస్తువును గంటల తరబడి దృష్టిలో నిలుపుకోవచ్చు. ఆనాటి సంక్రమణం భారతదేశంలో సూర్యోదయం తరువాత మొదలై దాదాపు మధ్యాహ్నం వరకు, నాలుగున్నర గంటలకు పైగా సాగింది. కావలసినవి మాత్రం అందులో కొన్ని క్షణాలే. కన్ను అద్దానికి, చెవి గడియారపు టిక్కుటిక్కులకు అప్పగించి, నల్లని చుక్క సూర్యుని అంచు నుండి విడివడే సెకనును పట్టుకోవాలి. ఆ సమయంలో శుక్రబింబానికి అంచుకు మధ్య సన్నని నల్లని తంతువు సాగినట్లు కనిపించి, అసలు స్పర్శ ఎప్పుడు ముగిసిందో తేల్చనీయదు. యూరపు నిపుణులను సైతం తికమకపెట్టిన చిక్కు ఇది. నర్సింగరావు నివేదిక సొసైటీ వారి మాసపత్రికలో 1875లో ప్రకటితమైంది.

ఇక్కడ కనుమల మరొక అంచుకు దృష్టి మళ్ళించవలసి ఉంది. విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు మూడున్నర వందల కిలోమీటర్ల దూరంలో, ఒడిశా కొండల నడుమ ఖండపడ అనే చిన్న సంస్థానం ఉంది. అక్కడి రాజకుటుంబీకుడు సామంత చంద్రశేఖరుడు (1835–1904) దూరదర్శిని ఆధారం లేకుండా, వెదురుతో, కొయ్యతో స్వయంగా చేసుకున్న మానయంత్రాలతో జీవితమంతా గ్రహాలను కొలిచాడు. తాళపత్రాల మీద రచించిన ఆయన ‘సిద్ధాంత దర్పణం’ 1899లో జోగేశ్ చంద్ర రాయ్ చొరవతో అచ్చయింది. ఆ గ్రంథంలో 1874 నాటి శుక్ర సంక్రమణ ప్రస్తావన ఉంది. శుక్రబింబం సూర్యబింబంలో 32వ వంతు అని ఆయన పేర్కొన్నాడు. ఆధునిక గణన ప్రకారం ఆ నిష్పత్తి ఇంచుమించు 31వ వంతు. ఒకే పర్వతశ్రేణి చెంత, ఒకే సంఘటన, రెండు భిన్న పరంపరలు: ఒకటి ఇంగ్లండు అద్దంతో లండన్ పత్రికకు, మరొకటి వెదురుబద్దతో సంస్కృత శ్లోకానికి. వీరిలో ఒకరిని ఆధునికుడిగా, మరొకరిని సంప్రదాయవాదిగా వేరుచేసి చూడడం చరిత్రకారులకు అలవాటైంది. కొలతే ప్రమాణమనుకుంటే ఆ విభజన నిలవదు. ఇద్దరూ ఎవరూ ఆదేశించకుండా కొలిచినవారే.

నర్సింగరావు వేధశాల ప్రయోజనం పరిశోధనతో ముగియలేదు. డాల్ఫిన్స్ నోస్ మీది ధ్వజస్తంభం ద్వారా పట్టణానికి కాలసూచన అందేది. వాతావరణ వివరాలు నమోదయ్యేవి. నేటి పాఠకుడికి కాలసూచన ప్రాధాన్యం వెంటనే తట్టకపోవచ్చు. దేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం 1906లో గాని రాలేదు. అంతకుముందు ప్రతి ఊరికి తన మధ్యాహ్నం తనదే. రేఖాంశాల తేడా వల్ల విశాఖపట్నంలో సూర్యుడు మద్రాసు కంటే సుమారు పన్నెండు నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. రేవులోని నావికుడికి తన గడియారం ఎంత తప్పో తెలియాలంటే నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని ఎవరో ఒకరు ముందటి రాత్రి చూసి ఉండాలి.

వేధశాల తీరంలోనే ఎందుకు ఉండిపోయిందన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఇందులోనే ఉంది. ఎత్తు, పొడిగాలి, చీకటి కోరేవారికి అరకులోయ కొండలు సమీపంలోనే ఉన్నాయి. లోయ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. చుట్టుపట్ల శిఖరాలు పదహారు వందల మీటర్లు దాటుతాయి. అయినా పందొమ్మిదో శతాబ్దంలో ఆ కొండలు మైదానవాసులకు జ్వరభూములు. అంతకంటె గట్టి గోడ ఒకటి చట్టరూపంలో లేచింది. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగించి కలెక్టరును ‘ఏజెంటు’గా చేసింది. ‘ఏజెన్సీ’ అన్న మాట నేటికీ నిలిచింది అందువల్లనే. కొండలను పరిపాలనలో వేరుచేసిన మరుసటి సంవత్సరమే కొండల పాదాల వద్ద వేధశాల వెలసింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఆపాదించరాదు. కాని ఒక పర్యవసానం స్పష్టం. తీరంలో చూసిన ఆకాశం లండన్ పత్రికలకెక్కింది. కొండ మీద చూసిన ఆకాశం ఏ కాగితానికీ ఎక్కలేదు. పోడు, పన్ను, అడవి, పితూరీ అన్న శీర్షికల కిందనే ఏజెన్సీ ప్రభుత్వ పత్రాలలో ప్రత్యక్షమవుతుంది.

కొండవాసులకు ఆకాశ పరిచయం లేకపోవడం అసంభవం. విత్తనాలకు, వేటకు సంబంధించిన ఇటుకల పండుగను చైత్రమాసంలో జరుపుకునే సమాజం చంద్రకళలను లెక్కించకుండా ఉండలేదు. భాషాసాక్ష్యం మరింత బలమైనది. తెలుగు ‘చుక్క’కు గోండీలో ‘సుక్కుం’ వంటి సోదరరూపాలు ఉన్నాయి. అరకు పరిసరాలలోని కొండదొరల భాషపై భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రకటించిన బృహద్గ్రంథం వంటి కృషి, ఈ దిశలో పనిచేయగోరేవారికి తొలి మెట్టు. మైదానపు రైతు కృత్తికలను పిల్లలకోడి అన్నాడు, మృగశిర ప్రాంతపు మూడు చుక్కలను గొల్లకావడి అన్నాడు, సప్తర్షులలోని నాలుగింటిలో మంచంకోళ్ళను చూశాడు. గోండుల ఖగోళజ్ఞానంపై మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే 2013లో ప్రకటించిన అధ్యయనంలో కూడా సప్తర్షుల నాలుగు చుక్కలు మంచమే. వెనుక మూడు చుక్కలు దొంగలు. అది మధ్యభారత గ్రామాలలో సేకరించిన సామగ్రి. పోర్జా, కోందు, గదబ, కొండదొర గ్రామాలలో వృద్ధులు ఉండగానే అటువంటి సేకరణ జరగవలసి ఉంది. సంస్కృత నక్షత్రనామాలు బడిపుస్తకం ద్వారా కొండలకు చేరేకొద్దీ ఆ పేర్లు అడిగి తెలుసుకొనే అవకాశం సన్నగిల్లుతుంది. ఇది జానపద విజ్ఞాన విభాగాలకు మాత్రమే చెందిన పనిగా భావించడం పొరపాటు. విజ్ఞానశాస్త్ర చరిత్రకు ఇది ప్రాథమిక ఆధారం.

నర్సింగరావు 1892లో మరణించాక ఆయన భార్య అచ్చాయమ్మ వేధశాలను 1894లో మద్రాసు ప్రభుత్వానికి అప్పగించింది. కుటుంబపు వేధశాల ప్రజాసంస్థగా మారి ఇరవయ్యో శతాబ్ది ఆరంభం వరకు నడిచి, క్రమంగా కనుమరుగైంది. హైదరాబాదు కథ ఇందుకు భిన్నం. అక్కడ నవాబు జఫర్ జంగ్ 1901లో సొంతంగా ఆరంభించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వపరమై, అంతర్జాతీయ నక్షత్ర ఛాయాపట్టిక కార్యక్రమంలో పాలుపంచుకొని, చివరకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. దాని కొనసాగింపుగానే 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వెలసింది. విశాఖపట్నం వేధశాలకు అటువంటి విద్యాసంస్థ అండ దొరకలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినది 1926లో. ఆ మూడు దశాబ్దాల వ్యవధి ఒక పరంపరను తెంచడానికి సరిపోయింది.

కొండలకూ ఆకాశానికీ మధ్య ఉన్న గోడ ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో సడలింది. బైలదిల్లా ఇనుపఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం 1960ల చివరిలో అరకులోయను తీరానికి కలిపింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరం నుండి తెలంగాణ మీదుగా, తూర్పు కనుమలను దాటి ఒడిశా తీరానికి సాగింది. 1868లో కనుమలకు దక్షిణంగా వెళ్ళిపోయిన నీడ ఈసారి కొండల మీదుగానే నడిచింది. ఆ మధ్యాహ్నం నగరాలలో వీధులు నిర్మానుష్యమై, జనం తలుపులు మూసుకొని కూర్చున్నారు. గ్రహణం చూడరాదన్న భయం నగరాలకు, చదువుకున్నవారికి ఏమాత్రం తక్కువ కాదని ఆ రోజు రుజువైంది. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక గ్రహణాల రోజున కళ్ళద్దాలతో, సూదిరంధ్రపు డబ్బాలతో పిల్లలను బయటికి పిలవడాన్ని ఒక కార్యక్రమంగా చేపట్టడానికి ఈ నేపథ్యం ఉంది. జగ్గారావు ఒంటరిగా, సొంత ధనంతో చేసిన పని ఇప్పుడు చందాలతో, ఉపాధ్యాయుల సెలవురోజులతో నడిచే సామూహిక వ్యాపకమైంది.

2012 జూన్ 6న శుక్రుడు మళ్ళీ సూర్యుని దాటినప్పుడు భారతదేశమంతటా సూర్యోదయమే సంక్రమణంతో జరిగింది. డాబాగార్డెన్స్ అప్పటికి దుకాణాలతో కిక్కిరిసిన నగరకేంద్రం. నర్సింగరావు ఆరంగుళాల అద్దంతో చూసిన దృశ్యాన్ని ఆ ఉదయం అక్కడి మేడల పైనుండి తగిన సూర్యఫలకం ఉన్న ఎవరైనా చూడగలిగి ఉండేవారు. రాబోయే సంక్రమణం 2117 డిసెంబరులో.