కళ్ళు పొడిబారితే చుక్కల మందు: కొనేముందు, వేసుకునేముందు రైతులు తెలుసుకోవలసినవి

ఎండుమిర్చి, ఉల్లి అమ్ముకోవడానికి మలక్‌పేట గంజ్‌కు, కూరగాయలతో మాదన్నపేట, మీరాలం మండీలకు వచ్చే రైతులు రాత్రంతా బండి మీద ప్రయాణం చేసి తెల్లవారేసరికి హైదరాబాద్ పాతబస్తీ చేరుకుంటారు. నిద్ర ఉండదు. దారంతా గాలి, దుమ్ము, యార్డులో మిర్చి ఘాటు. కళ్ళు మండితే దగ్గర్లోని మెడికల్ షాపులో "ఏదైనా చుక్కల మందు ఇవ్వండి" అని అడిగి, ఇచ్చిన సీసా తీసుకుని ఊరికి వెళ్ళిపోతారు. మంట తగ్గితే ఆ సీసాయే ఇంటిల్లిపాదికీ మందవుతుంది. ఏ తెగులో చూడకుండా పంటకు మందు కొడితే ఒక సీజన్ నష్టం. ఏ జబ్బో తెలియకుండా కంట్లో మందు వేస్తే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

కన్ను ఎందుకు పొడిబారుతుంది?

కంటి మీద ఎప్పుడూ పలచని కన్నీటి పొర ఉంటుంది. ఇందులో నూనె, నీరు, జిగురు ఉంటాయి. నూనె రెప్పల అంచున ఉండే గ్రంథుల నుంచి వచ్చి నీరు త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. వీటిలో ఏది తగ్గినా కన్ను పొడిబారుతుంది.

ముఖ్య కారణాలు:
- వయసు పైబడడం, స్త్రీలలో ముట్లుడగడం
- మధుమేహం, కీళ్ళవాతం, థైరాయిడ్ జబ్బులు
- జలుబు, దురదలకు వాడే కొన్ని మాత్రలు, నిద్రకు, మనోవ్యాధులకు వాడే కొన్ని మందులు
- వడగాలి, నూర్పిడి దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, బీడీ, సిగరెట్
- రెప్పవేయకుండా ఎక్కువసేపు ఫోన్ చూడడం

లక్షణాలు: మంట, ఇసుక పడినట్టు గరగర, ఎరుపు, సాయంత్రానికి కళ్ళు బరువెక్కడం, చూపు మసకబారి రెప్ప ఆర్పగానే తేటపడడం. కంటి నుంచి నీరు కారడం కూడా పొడిబారడానికి గుర్తు కావచ్చు. మంటకు కన్ను నీటిని వదులుతుంది కానీ ఆ నీరు కంటి మీద నిలవదు. "నీళ్ళు కారుతున్నాయి కదా, పొడి ఎక్కడిది?" అని కొట్టిపారేయకండి.

చుక్కల మందులన్నీ ఒకటి కావు

1. కృత్రిమ కన్నీరు: కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రోమెలోజ్, సోడియం హయలురోనేట్ వంటివి. పొడి కంటికి మొదట వాడేవి ఇవే. వీటిలో చాలా సీసాల్లో మందు చెడకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు. రోజుకు నాలుగు సార్ల కంటే ఎక్కువ వేసుకోవలసి వస్తే ప్రిజర్వేటివ్ లేని రకం అడగాలి. ఎక్కువగా వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ పదేపదే పడితే కన్ను ఇంకా పొడిబారుతుంది.

2. సైక్లోస్పోరిన్: డాక్టర్ చీటీ మీదనే వాడాలి. కన్నీటి గ్రంథుల వాపు తగ్గించి సొంత కన్నీరు పెరిగేలా చేస్తుంది. 0.05 శాతం మందును సాధారణంగా రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో వేసుకోమంటారు. మొదట్లో వేసుకోగానే కాస్త మంట పుడుతుంది. గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు దాటుతుంది. పది రోజులు వాడి "పనిచేయలేదు" అని మానేయకండి. మంట భరించలేకపోతే డాక్టర్‌కు చెప్పండి.

3. స్టెరాయిడ్ చుక్కలు: డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ వంటివి. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టర్ కొద్ది రోజులకే రాస్తారు. కొన్ని సీసాల్లో యాంటీబయాటిక్‌తో కలిపి కూడా వస్తాయి.

4. ఎరుపు తగ్గించే చుక్కలు: రక్తనాళాలను కుంచింపజేసి కన్ను తెల్లగా కనిపించేలా చేస్తాయి. పొడిని తగ్గించవు. రోజూ వాడితే మానగానే ఎరుపు మళ్ళీ పెరుగుతుంది.

స్టెరాయిడ్ చుక్కలతో రైతుకే ఎక్కువ ముప్పు

స్టెరాయిడ్ ఒక్క రోజులోనే మంట, ఎరుపు తగ్గించి మంచి మందు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, కటకం మసకబారి శుక్లం రావచ్చు. నీటికాసులకు సాధారణంగా నొప్పి ఉండదు. పక్కచూపు తగ్గుతూ వచ్చి, తెలిసేసరికి నరం దెబ్బతిని ఉంటుంది. శుక్లానికి ఆపరేషన్ ఉంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు.

రెండో ముప్పు పొలంలోనే ఉంది. వరి కంకి, చెరకు ఆకు, జొన్న చొప్ప, పత్తి కంపు గీసుకున్నప్పుడు, నూర్పిడిలో పొట్టు పడినప్పుడు నల్లగుడ్డు మీద ఫంగస్ చేరి పుండు కడుతుంది. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ ఇందుకు ముఖ్య కారణాలు. పంటల్లో ఎండు తెగులు, వేరుశనగ గింజల్లో అఫ్లాటాక్సిన్ తెచ్చే జాతులు వీటిలోనివే కనుక రైతుకు ఇవి కొత్త పేర్లు కావు. ఈ పుండు మొదట్లో మామూలు గరగర, ఎరుపులాగే ఉంటుంది. పొడి కన్ను అనుకుని స్టెరాయిడ్ వేస్తే శరీరం చేసే పోరాటం ఆగిపోయి ఫంగస్ లోపలికి పాకుతుంది. చివరికి కంట్లో పువ్వు మిగలవచ్చు, కన్నే పోవచ్చు.

అందుకే మెడికల్ షాపులో "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని అడగండి. లేబుల్ మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే అది డాక్టర్ చీటీతో మాత్రమే అమ్మవలసిన మందు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసి ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా మానకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి. సాధారణంగా దీన్ని క్రమంగా తగ్గిస్తూ ఆపుతారు.

చుక్క వేసుకునే పద్ధతి

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. మందు కలిపిన చేతులైతే రెండుసార్లు కడగండి.
2. లేబుల్ చదవండి. చెవి చుక్కల సీసా, జిగురు సీసా చూడడానికి ఇలాగే ఉంటాయి. చదవడం రాకపోతే చదివించుకోండి.
3. కొత్త సీసాను సూది, పిన్నుతో పొడవకండి. చాలా సీసాలకు మూత లోపలే ముల్లు ఉంటుంది. మూత గట్టిగా తిప్పితే రంధ్రం పడుతుంది.
4. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి, ఆ సంచిలో ఒక్క చుక్క వేయండి. కన్ను ఒక చుక్కనే పూర్తిగా పట్టలేదు. రెండో చుక్క చెంప మీదికి పోతుంది.
5. సీసా మొన కంటికి, రెప్పకు, వేలికి తగలకూడదు.
6. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు గొంతులోకి జారదు.
7. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగండి. ఆయింట్‌మెంట్ చివర్లో పెట్టుకోండి.
8. చూపు తేటపడే వరకు బండి, ట్రాక్టర్ నడపకండి.

నిల్వ, శుభ్రత

- సీసా తెరిచిన రోజు తేదీని పెన్నుతో లేబుల్ మీద రాయండి. లేబుల్ మీద వేరే గడువు లేకపోతే నెల దాటాక మందు మిగిలినా పారేయండి.
- ఒక్కసారికి వాడే చిన్న గొట్టాలను తెరిచాక మరుసటి రోజుకు దాచకండి.
- బైకు బాక్సులో, మోటారు గదిలో, ఎండ తగిలేచోట పెట్టకండి. పురుగుమందులున్న గదిలో అసలే వద్దు.
- ఒకరి సీసా ఇంకొకరు వాడవద్దు.

శుభ్రత ఎంత ముఖ్యమో 2023లో అమెరికాలో తెలిసింది. మన దేశంలో తయారై అక్కడికి వెళ్ళిన కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడిన సూడోమోనాస్ బ్యాక్టీరియా 81 మందిలో కనిపించింది. నలుగురు మరణించారు, 14 మంది చూపు కోల్పోయారు. సీలు తెగిన, రంగు మారిన, నలకలున్న సీసా కొనకండి, వాడకండి.

కంట్లో వేయకూడనివి

ఆకు పసర్లు, తేనె, ఆముదం, చనుబాలు కంట్లో పోయవద్దు. వీటితో క్రిములు చేరి నల్లగుడ్డు పుండు పడవచ్చు. చార్మినార్ చుట్టుపక్కల అమ్మే సుర్మా పెట్టుకోవడం చాలా ఇళ్ళలో ఆచారం. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది కనుక పసిపిల్లలకు పెట్టకండి. చుక్కలు వాడుతున్న కంటికీ వద్దు.

మందుతో పాటు చేయవలసినవి

- నూర్పిడి, పిచికారీ, మిర్చి కల్లం పనుల్లో పక్కలు మూసి ఉండే కళ్ళద్దాలు పెట్టుకోండి.
- గోరువెచ్చని తడిగుడ్డను మూసిన రెప్పలపై 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, రెప్పల అంచులు మెల్లగా తుడవండి. రెప్పల్లోని నూనె గ్రంథులు తెరుచుకుంటాయి.
- బండి మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ అద్దం దించండి.
- మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు తినండి. విటమిన్ 'ఎ' లోపం కూడా కంటిని పొడిబారుస్తుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసినప్పుడు

- తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం
- నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ, చీము
- ఆకు, పొట్టు, ముల్లు తగిలిన తర్వాత ఎరుపు తగ్గకపోవడం
- పురుగుమందు పడడం: ముందు శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగండి. తర్వాత డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి వెళ్ళండి. కడగకుండా చుక్కల మందు వేసి కూర్చోవద్దు.

ఎక్కడ చూపించుకోవాలి?

ముందుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదా ఏరియా ఆసుపత్రిలో అడగండి. పాతబస్తీకి వచ్చిన రోజే చూపించుకోవాలంటే మెహిదీపట్నం దగ్గరి సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. దానికి పల్లెల్లో కూడా దృష్టి కేంద్రాలు ఉన్నాయి. 2018లో, 2023లో జరిగిన కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. అద్దాలు చూపును సరిచేస్తాయి కానీ పొడి కంటిని నయం చేయవు.

వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ, రోజూ వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ మందు దేనికి? రోజుకు ఎన్నిసార్లు? ఎన్నాళ్ళు? మళ్ళీ ఎప్పుడు రావాలి? చీటీలో రాసిన గడువు ముగిశాక అదే చీటీతో మళ్ళీ మళ్ళీ మందు కొనకండి. డాక్టర్ రమ్మన్న తేదీకి వెళ్ళి కంటిలో ఒత్తిడి చూపించుకుంటే, స్టెరాయిడ్ వల్ల వచ్చే నష్టాన్ని చూపు పోకముందే పట్టుకోవచ్చు.