గుల్‌మార్గ్ (స్కీయింగ్ తొలి అభ్యాసం)

జమ్మూ కాశ్మీర్‌లోని బారాముల్లా జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక మైదానం గుల్‌మార్గ్. శ్రీనగర్ నుంచి దాదాపు 50 కి.మీ. దూరం. తక్కువ ఖర్చుతో స్కీయింగ్ మొదలుపెట్టాలనుకునేవారికి దేశంలో అనువైన చోట్లలో ఇది ముఖ్యమైనది. ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉండటం, మైదానాన్ని ఆనుకునే చిన్న వాలులు ఉండటం ఇందుకు కారణాలు.

బ్రిటిష్ సైనికాధికారులు 1927లో ఇక్కడ స్కీ క్లబ్‌ను నెలకొల్పారని సాధారణంగా చెబుతారు. స్వాతంత్ర్యం తరువాత శీతాకాల క్రీడలకు తగిన స్థలాన్ని వెతికే పని కేంద్ర పర్యాటక శాఖ ఆస్ట్రియాకు చెందిన రుడాల్ఫ్ మాట్‌కు అప్పగించగా, ఆయన గుల్‌మార్గ్‌ను ఎంచుకున్నారు. ఇది 1960లో జరిగిందని కొందరు, ఆ దశకం చివర్లో జరిగిందని మరికొందరు రాశారు. శిక్షణ సంస్థ 1968లోనే ఏర్పడిందన్నది ఎక్కువమంది అంగీకరించే మాట కాబట్టి మొదటి కథనమే సబబుగా తోస్తుంది. ఈ వాలులపై ఎదిగిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడిన ఏకైక క్రీడాకారుడు.

పర్యాటక శాఖ కింద నడిచే ఆ శిక్షణ సంస్థే నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్. శీతాకాలంలో అది నడిపే ప్రాథమిక కోర్సు సాధారణంగా రెండు వారాలు ఉంటుంది. బస, భోజనం, పరికరాలు, శిక్షకుడు అన్నీ ఒకే రుసుములో వస్తాయి. విడిగా హోటల్ గది, అద్దె స్కీలు, రోజువారీ శిక్షకుడు అంటూ లెక్కవేస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. సీట్లు పరిమితం. అందుకే ముందు కోర్సు తేదీ ఖాయం చేసుకుని, ఆ తరువాతే ప్రయాణ టికెట్లు కొనాలి. అంత సెలవు దొరకనివారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక స్థానిక శిక్షకుణ్ణి మాట్లాడుకోవడం మేలు. రుసుము, గంటలు, పరికరాల అద్దె ముందే తేల్చుకోవాలి.

కాశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే నలభై రోజుల గడ్డు చలి డిసెంబరు 21న మొదలవుతుంది. మంచు మీద భరోసా పెట్టుకోదగ్గ కాలం జనవరి చివరి నుంచి ఫిబ్రవరి. అయినా 2024 జనవరిలో మైదానం మంచు లేక బోసిపోయింది. రద్దుకు వీలున్న గది తీసుకోవడం ఆ అనుభవం నేర్పిన జాగ్రత్త. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో అద్దెలు అత్యధికం. 13 కి.మీ. దిగువన ఉన్న తంగ్‌మార్గ్‌లో బస చవక. కానీ భారీగా మంచు పడితే అక్కడి నుంచి పైకి గొలుసులు కట్టిన చక్రాల బండ్లనో, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలనో మాత్రమే వదులుతారు.

తెలుగు రాష్ట్రాల నుంచి విమానంలో శ్రీనగర్ చేరడం సులువు. రైలులో కట్రా దాకా వెళ్లి, 2025 జూన్‌లో ప్రారంభమైన కట్రా–శ్రీనగర్ వందేభారత్ ఎక్కవచ్చు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఖర్చు తగ్గించాలన్న తొందరలో అశ్రద్ధ చేయకూడనిది బూటు. అద్దె దుకాణంలో తొందరపెట్టినా కూర్చుని తొడిగి చూడాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు అంచుకు కాస్త తగలాలి. మోకాలు వంచి ముందుకు వాలితే వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేస్తే ముడతలు పడి కాలు ఒరుసుకుంటుంది. పొడవాటి జత ఒక్కటి చాలు. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోవడానికి బిగింపుపై ఒక అంకె అమరుస్తారు. అది బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవును బట్టి మారుతుంది కనుక ముందు వాడినవారి అమరికతోనే వెళ్లిపోకూడదు. జీన్స్ తడిసి గడ్డకడతాయి. నీరు చొరని ప్యాంటు, చేతి తొడుగులు అద్దెకు దొరుకుతాయి. ఎండకు మంచు తళతళలాడుతుంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి.

తొలి పాఠం స్నోప్లౌ: స్కీల ముందు కొనలను దగ్గరకు, వెనుక కొనలను దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచును ఒత్తి వేగం తగ్గించడం. ఇందుకు మైదానం పక్కన, చిన్న లాగుడు లిఫ్టులున్న వాలులు సరిపోతాయి. గండోలా (కేబుల్ కారు) టికెట్ మొదటి రోజుల్లో అనవసరం. గండోలా తొలి దశ 1998లో, రెండోది 2005లో మొదలయ్యాయి. కొంగ్‌దోరి నుంచి అఫర్వాత్ వాలుకు చేర్చే ఆ రెండో దశ తుది స్టేషను ఎత్తును 3,950 మీటర్లనీ, 3,980 అనీ రెండు రకాలుగా ఇస్తారు. ఏదైనా అది హిమపాతాల ముప్పు ఉన్న, చదును చేయని మంచు. కొత్తవారు అక్కడ స్కీలు కట్టరాదు. సాధారణ ప్రయాణ బీమాలో స్కీయింగ్ గాయాలు చేరకపోవచ్చు కనుక షరతులు చదివి తీసుకోవాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్, హిమాచల్‌లోని సోలంగ్‌లో మనాలి పర్వతారోహణ సంస్థ ఇలాంటి కోర్సులే నడుపుతాయి. ఔలీ వాలులు సులువే. అయితే 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగడంతో అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆగిపోయింది. రోడ్డు మార్గాన్ని లెక్కలో పెట్టుకునే వెళ్లాలి.