ఎవరికి ఏది పడదు? జొన్న గట్క నుంచి ఎల్బీ నగర్ అద్దె ఇళ్ల దాకా

తెలుగులో 'పడదు' అనే మాటను రెండు రకాలుగా వాడతాం. 'నాకు పాలు పడవు' అంటే తాగితే కడుపు ఉబ్బుతుంది, ఒంటికి సరిపోవు అని. 'వాళ్లకూ వీళ్లకూ పడదు' అంటే పొత్తు కుదరదు అని. ఎల్బీ నగర్‌లో కిరాయి ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఈ రెండూ కలిసిన మూడో వాడుక విన్నాం. ఇల్లంతా చూపించి, కిరాయి చెప్పి, చివరికి ఇంటావిడ మా అమ్మను అడిగింది: 'మాకు నీసు వాసన పడదమ్మా, మీరేం తింటరు?' ఆమె కులం అడగలేదు, తిండి అడిగింది. 'అందరు తినేదే తింటమమ్మా' అని మా అమ్మ బయటికొచ్చింది. ఆ ఇల్లు మాకు రాలేదు.

ఆ ప్రశ్నకు మా అమ్మ చెప్పని జవాబును ఇక్కడ రాద్దామని ప్రయత్నం. మా పెద్దలు ఏం తిన్నారు, అది ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, మా ఒళ్లకు నిజంగా ఏది పడదు, మా తిండి ఎవరికి పడదు? హైదరాబాద్ తిండి చరిత్ర అంటే నిజాం వంటశాల, బిర్యానీ, హలీం అని పుస్తకాలు రాస్తాయి. మాల మాదిగ వాడల పొయ్యి మీది కుండ చరిత్రలోకి ఎక్కలేదు. ఎక్కించాల్సింది మనమే.

గట్క, అంబలి, పోగులు

ఎల్బీ నగర్ చౌరస్తాలో రెండు రోడ్లు కలుస్తాయి. ఒకటి విజయవాడ నుంచి వచ్చేది, ఒకటి నాగార్జునసాగర్ నుంచి వచ్చేది. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఈ రెండు తోవల్లోనే దిగారు. అడ్డా మీద నిలబడ్డారు, మేస్త్రీల కింద ఇటుకలు మోశారు, పిల్లల్ని బడికి పంపారు. 2007లో ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసే నాటికి ఇక్కడ ఒక తరం పెరిగి పెద్దదైంది.

ఆ వచ్చినవాళ్లు ఊళ్లో తిన్నది అన్నం కాదు. జొన్న గట్క, జొన్నరొట్టె, తైదల అంబలి, సజ్జరొట్టె. జీతమున్నవాళ్లకు దొర కొలిచిచ్చిందీ చాలాచోట్ల జొన్నలే. వరి చెరువు కింది పంట. చెరువు కింది భూమి దొరలది, కాపులది, కరణాలది. కాబట్టి తెల్లబువ్వ పండుగకో, పెండ్లికో, చావు దినానికో కనపడేది. కూర అంటే పుంటికూర, చెంచలికూర, పొనగంటికూర. అవి కొనే పని లేదు, చేన్లో కలుపు తీస్తూ ఒడిలో వేసుకుని వచ్చేవి. లేని నాడు తొక్కు, పచ్చిపులుసు.

ఇక పెద్దకూర. పశువును కోసిన నాడు వాడంతా పోగులు వేసుకుని పంచుకునేది. వజ్రి, బోటి, కాళ్లు, నల్ల, ఏదీ పారేసేది కాదు. మిగిలింది తునకలుగా కోసి దండేల మీద ఎండబెట్టి కుండలో దాచేవాళ్లు. వానాకాలం పని దొరకని రోజుల్లో ఆ ఎండు తునకలే గోంగూరలోనో, చింతచిగురులోనో ఉడికి ఇంటిల్లిపాదికీ బలమిచ్చేవి. ఫ్రిజ్ లేని కాలంలో మాంసం నిలవ చేసే శాస్త్రం మా ముసలివాళ్ల చేతుల్లో ఉండేది. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు.

జొన్న ఒక్కటే మిగిలిన చోట

అయితే పాత తిండి అంతా బంగారం అని రాస్తే అది అబద్ధం. ఇప్పుడు చిరుధాన్యాల పేరు మీద కొందరు అలాగే రాస్తున్నారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనాశాలగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం అచ్చేశారు. దక్కన్‌లో జొన్న ప్రధానంగా తినే పేదల్లో పెలాగ్రా అనే జబ్బు కనిపిస్తోందని వాళ్లు గమనించారు. ఎండ తగిలే మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి చలిస్తుంది. నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందకపోవడం దీనికి మూలం. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం దీనికి తోడవుతోందని వాళ్ల వాదన. దాని మీద తర్వాత చాలా చర్చ నడిచింది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇదే జబ్బు మొక్కజొన్న తినే కౌలుదార్లను, మిల్లు కూలీలను, నల్లవాళ్లను పట్టింది. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1910ల నుంచి అక్కడ పనిచేసి, ఇది అంటురోగం కాదు, పేదతిండి రోగం అని చూపించాడు. గింజతో పాటు మాంసం, పాలు, పప్పు దొరికిన ఇంట్లో ఆ జబ్బు రాలేదు. ఇక్కడి సంగతీ అంతే. మాంసంలో నియాసిన్ ఉంది. జొన్నతో పప్పు, పెద్దకూర కలిసిన నాడు అది నిండు భోజనం. కరువులో, అప్పులో, వెట్టిలో జొన్న ఒక్కటే మిగిలినప్పుడు అది రోగం. మరి మా వాళ్ల పళ్లెంలో నుంచి పప్పునూ మాంసాన్నీ తీసేసింది ఎవరు? పోషకాహార పట్టికల్లో ఈ ప్రశ్నకు గడి ఉండదు.

రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. కార్డుకు నెలకు 25 కిలోల దాకా. దీన్ని ఓట్ల కోసం పెట్టిన జనాకర్షక పథకం అని పత్రికల్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ ఎగతాళి చేసినవాళ్ల ఇళ్లలో రోజూ అన్నమే ఉడికేది. మా వాడలో దాని అర్థం వేరు. దొర గాదెతో పనిలేకుండా బువ్వ తినడం మా వాళ్లకు అదే మొదలు. 'ఇంత కూడు తింటున్నమంటే ఆ కార్డు పుణ్యమే' అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ మాటను తక్కువ చేయగూడదు.

తర్వాతి కథ అందరికీ తెలుసు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ధరను మూడున్నర రూపాయలు చేసింది. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మళ్లీ రెండుకు, 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయికి తెచ్చాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మనిషికి 6 కిలోలు చేసింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు.

బియ్యం వచ్చింది గానీ దాంతో పాటు కొన్ని పోయాయి. జొన్న చేన్లలో పత్తి దిగింది. జొన్న చొప్ప పశువులు తినేవి, పత్తి కట్టె తినవు. చొప్ప తగ్గితే పశువు తగ్గింది, పశువు తగ్గితే పెద్దకూరా తగ్గింది. పత్తికి కలుపు మందు కొట్టిన చేన్లో చెంచలికూర మొలవదు. ఒక గింజ పోతే దాని వెంట నాలుగు తిండ్లు పోయాయి. ఎల్బీ నగర్ చేరేసరికి మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం, పల్చటి చారు, రేషన్ నూనె, చక్కెర ఎక్కువేసిన చాయ్ మిగిలాయి. కూలికి పోయే ఒంటికి ఆ బియ్యం కొంతకాలం సాగింది. ఒళ్లు కూర్చున్నాక షుగర్ వచ్చింది.

ఇప్పుడు డాక్టరు 'అన్నం తగ్గించి రొట్టె తినండి' అంటున్నాడు. సాయంత్రమైతే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్ రోడ్ల పక్కన ఆడవాళ్లు పెనం పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు. కార్లు ఆపి కొనుక్కుపోతున్నారు. ఇదే రొట్టెను మేము బడికి మూట కట్టుకుపోతే పక్క పిల్లలు నవ్వేవాళ్లు. దాచుకుని తినేవాళ్లం. 2023 కేంద్ర బడ్జెట్‌లో ఇవే గింజలకు 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. అదే ఏడును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. పేదవాడు తిన్నన్నాళ్లు వాటిని ముతక ధాన్యం అన్నారు. రెండు రూపాయల బియ్యం మొదలైన 1983లోనే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అందులోని సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. పడావు పడ్డ భూముల్లో జొన్న పండించి, 1990ల్లో తమ ఊళ్లలోనే తమ గింజతో రేషన్ నడిపారు. బియ్యం వద్దని వాళ్లు అనలేదు. మా గింజను కూడా తిండిగా లెక్కలోకి తీసుకోండి అన్నారు. శ్రీ అన్న పోస్టర్ల మీద ఆ ఆడవాళ్ల పేర్లేవీ?

పాలు: ఒంటికి పడని పాఠం

బడి పుస్తకంలో పాలు సంపూర్ణ ఆహారం. మా ఇంట్లో సంగతి వేరు. హాస్టల్లో పాలు పోసిన నాడు కడుపు గడగడలాడి తరగతి మధ్యలో బయటికి ఉరికేవాళ్లం. 'అలవాటు లేదు మీకు' అనేవాళ్లు. ఆ మాటలో మా ఇళ్ల మీద చిన్నచూపు ఉండేది. మేము కూడా తప్పు మా ఒంటిదే అనుకున్నాం.

శాస్త్రం చెప్పేది ఇది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పసిపిల్లల పేగుల్లో నిండుగా ఉంటుంది. తల్లిపాలు మానాక చాలామందిలో అది తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి పోయి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, గాలి పుట్టి కడుపు ఉబ్బుతుంది, విరేచనమవుతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది ఇట్లాంటివాళ్లే. అంటే పాలు పడకపోవడమే మనుషుల్లో మామూలు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి కొన్ని పశుపోషక జాతుల్లో జన్యుమార్పు వల్ల వచ్చింది. మన దేశంలో ఆ మార్పు వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ అని 2011లో అచ్చయిన జన్యు పరిశోధన చూపింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కులం రక్తంలో ఉందని చెప్పడం మా ఉద్దేశం కాదు. పాలు పడని బ్రాహ్మణులూ ఉన్నారు, పడే మాదిగలూ ఉన్నారు. తేడా ఎక్కడంటే, పాలున్న ఇంట్లో వాటిని తోడుపెట్టి పెరుగు, చల్ల చేసుకునే వీలుంది. పులిసినప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి అవి చాలామందికి పడతాయి. దొర బర్లను కాసింది మేమే, పేడ ఎత్తింది మేమే, పాలు మాత్రం మాకు రాలేదు. సొంతంగా బర్రె కొనుక్కున్నా మాదిగింటి పాలు కొనేవాళ్లు దొరకని ఊళ్లున్నాయి. 1970 నుంచి 1996 దాకా నడిచిన శ్వేతవిప్లవం దేశానికి పాలు పారించింది. ఆ పాలు ఎవరి ఒంటికి పడతాయని పాఠ్యపుస్తకం రాసినవాళ్లు అడగలేదు.

పాలు ఎందుకు తాగాలంటే ఎముకలకు కాల్షియం కోసం అంటారు. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే తైదల్లో 340కి పైగా ఉంది. మా అమ్మమ్మ అంబలి కాచింది. అందులో కొంచెం చల్ల పోస్తే మాకెప్పుడూ కడుపునొప్పి రాలేదు.

పెద్దకూర ఎవరికి పడదు?

మాంసం విషయంలో మన ఉద్యమాల్లోనే ఒక చరిత్ర ఉంది, దాన్ని దాచగూడదు. హైదరాబాద్‌లో 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆది హిందువుల శుభకార్యాల్లో మద్యం, మాంసం మానాలని ప్రచారం చేశాడు. అంబేడ్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం తినడం మానండని చెప్పాడు. ఇద్దరి మాటలూ ఆత్మగౌరవం కోసం వచ్చినవే. ఊరివాళ్లు పారేసింది తినే స్థితి నుంచి బయటపడాలన్నది అందులోని సారం. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో అంబేడ్కర్ ఇంకో అడుగు ముందుకేసి, గోమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్నే చరిత్రగా విప్పి చూపాడు. మానమన్నవాడే, దాన్ని తప్పు చేసిందెవరో కూడా చెప్పాడు.

1977లో ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం వచ్చింది. ఆవును కోయడం నేరం, దున్నలనూ ఎద్దులనూ పనికిరావని సర్టిఫికెట్ ఉంటే కోయవచ్చు. చౌకగా బలమిచ్చే తిండి అప్పటినుంచి నేరం నీడలోకి వచ్చింది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపితే దాడులయ్యాయి. హాస్టల్ మెస్‌లో అందరి తిండీ ఉన్నప్పుడు మా తిండి ఎందుకుండదు అన్నది వాళ్లు అడిగిన ప్రశ్న.

2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. ఆదివారం ఎల్బీ నగర్‌లో చికెన్ దుకాణాల ముందు వరస చూస్తే సర్వే అక్కర్లేదు. మరి 'నీసు పడదు' అనే ఇంటివాళ్లలో ఎంతమంది నిజంగా శాకాహారులు? కోడి పడుతుంది, మేక పడుతుంది, పెద్దది పడదు. ఇది ముక్కుకు సంబంధించిన సంగతి కాదు. మాంసంలో కూడా మెట్లు కట్టి, కింది మెట్టు మీద మమ్మల్ని నిలబెట్టే పద్ధతి.

ఆ మెట్లు మా ఇళ్లలోకీ వచ్చాయి. కిరాయి ఇంట్లో పెద్దకూర వండిన నాడు కిటికీ మూస్తారు, అగరబత్తి ముట్టిస్తారు. 'బళ్లో అడిగితే మటన్ అని చెప్పు' అని పిల్లకు నేర్పుతారు. ముసలమ్మ తింటుంది, కొడుకు బయట హోటల్లో కల్యాణి బిర్యానీ తింటాడు, కోడలు మానేశానంటుంది. ఒక్క కుండ తిన్న ఇల్లు మూడు తిండ్లయింది. చదువుకున్న మేమే ముందు దాచడం నేర్చుకున్నాం. తినడం, తినకపోవడం ఎవరిష్టం వాళ్లది. సిగ్గుతో మానడాన్ని ఇష్టం అనలేం.

ఏం చేద్దాం

టీచర్లకు ఒక విన్నపం. పాలు తాగలేని పిల్లను మొండి అనకండి. పెరుగో, గుడ్డో, తైదల జావో ఇవ్వొచ్చు. హాస్టల్ మెనూ కమిటీల్లో విద్యార్థులుండాలని, వాళ్ల ఇళ్ల తిండిని అడగాలని సంఘాలు పట్టుబట్టాలి. రేషన్‌లో బియ్యంతో పాటు జొన్న, పప్పు కావాలని అడగాలి. బియ్యం కోసి జొన్న పెడతామంటే ఒప్పుకోవద్దు. విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ దగ్గర కూర్చుని ఒక నోటుబుక్కు నింపండి: ఏం తిన్నారు, ఎట్లా దొరికింది, ఎట్లా దాచారు, ఎవరు కాదన్నారు. వాళ్లు పోతే ఆ చరిత్ర వాళ్లతోనే పోతుంది.

మేము మొదట మా అమ్మనే అడిగాం. ఎండు తునకలు ఎట్లా చేస్తారో చెప్తూ మధ్యలో ఆగి, కిటికీ దిక్కు చూసి గొంతు తగ్గించింది. ఇది మా సొంతిల్లేనమ్మా అని గుర్తుచేయాల్సి వచ్చింది. తర్వాత గట్టిగానే చెప్పింది. రాసుకున్నాం.