తోబుట్టువుకు నువ్వులు నీళ్లు

పుష్య అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి చుట్టుపక్కల కాలు పెట్టే చోటు ఉండదు. చాలామంది ముందురోజు రాత్రే వచ్చి అక్కడే పడుకుని, తెల్లవారుజామున హృత్తాపనాశిని కోనేట్లో దిగుతారు. ఇక్కడి స్వామి వైద్యుడు. శాలిహోత్ర మహర్షి తల మీద చెయ్యి ఉంచి పవళించి ఉంటాడు. కోనేట్లో బెల్లం వేస్తే అది కరిగినట్టే రోగమూ కరిగిపోతుందని నమ్మకం. గుడి అహోబిల మఠం ఆధ్వర్యంలో ఉంది కాబట్టి తెలుగువాళ్లకు ఇది పరాయి చోటు కాదు.  చెన్నైలో లోకల్ ఎక్కి తిరునిన్రవూరు, వేప్పంబట్టు, పుట్లూరు దాటితే చాలు, తిరువళ్ళూరు వచ్చేస్తుంది.

గట్టు మీద దర్భలు, నువ్వులు పట్టుకుని కూర్చున్నవాళ్లలో తమ్ముడిని పోగొట్టుకున్నవాడూ ఉంటాడు. కానీ ప్రతి అమావాస్యకూ వదిలే తర్పణంలో ఆ తమ్ముడి పేరు రాదు. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, అంతే. ఒకే కంచంలో తిన్నవాడికి, ఒకే దుప్పటి కోసం కొట్టుకున్నవాడికి నెలనెలా నీళ్లు లేవు. అతని వంతు భాద్రపద బహుళ పక్షంలో, మహాలయంలో వస్తుంది. కారుణ్య పితరులనే వరసలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, గురువులు, స్నేహితులు కూడా ఉంటారు. అక్కడా ఒక మెలిక ఉంది. పెళ్లయి పోయిన అక్కకు నీళ్లు వదలాలంటే పురోహితుడు ఆమె అత్తింటి గోత్రం అడుగుతాడు. కలిసి పెరిగిన ఇంటి గోత్రం పనికిరాదు. శాస్త్రం ఈ బంధానికి కొంచెం పిసినారితనంగానే చోటిచ్చిందని చెప్పక తప్పదు.

కథలు మాత్రం అలా చేయలేదు. కిష్కింధా కాండలో సంపాతి ఘట్టం చూడండి. సీత జాడ దొరక్క వానరులు సముద్రపు ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చుంటారు. రెక్కలు లేని ముసలి గద్ద ఒకటి వాళ్లను చూసి, తిండి దొరికిందని సంబరపడుతుంది. ఇంతలో అంగదుడి నోట జటాయువు పేరు వినబడుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత విన్న తమ్ముడి పేరు, అదీ చావు కబురుతో. కొండ మీంచి తనను కిందికి దించమని సంపాతి బతిమాలతాడు. వానరులే అతన్ని సముద్రం దగ్గరికి మోసుకుపోతే తమ్ముడికి జలతర్పణం ఇస్తాడు. పడుచుతనంలో పందెం కట్టి సూర్యుడి వైపు ఇద్దరూ ఎగిరిన సంగతి, మధ్యాహ్నపు వేడికి తమ్ముడు సొమ్మసిల్లుతుంటే తన రెక్కలు కప్పిన సంగతి అప్పుడే చెబుతాడు. ఆ రెక్కలు కాలిపోయాయి. అన్న వింధ్య మీద పడ్డాడు. ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. తోబుట్టువును తలుచుకోవడానికి ఇంతకంటే నిండైన ఘట్టం మన పురాణాల్లో వెతకడం కష్టం.

జటాయువును మాత్రం ఊళ్లు పోటీపడి తమవాడన్నాయి. ఆంధ్రలో లేపాక్షి, కేరళలో చడయమంగళం. కాంచీపురం దగ్గర తిరుప్పుక్కుళి విజయరాఘవ పెరుమాళ్ గుడి ఎదుట జటాయు తీర్థమే ఉంది. రాముడు ఆ పక్షికి దహన సంస్కారం చేసింది అక్కడేనని స్థలపురాణం. అన్నదమ్ములిద్దర్నీ కలిపి తలిచే చోటు కావాలంటే తిరుక్కళుకుండ్రం వెళ్లాలి. ఆ కొండ మీద మధ్యాహ్నం పూట రెండు తెల్ల రాబందులు వచ్చి పూజారి చేతి నైవేద్యం తినిపోయేవి. ప్రతి యుగంలో ఒక జంట శాపవిమోచనం కోసం అక్కడికి వస్తుందని, త్రేతాయుగపు జంట సంపాతి, జటాయువులేనని ఐతిహ్యం. 1990ల చివరికి ఆ పక్షులు రావడం మానేశాయి.

ఆడవాళ్లు తోబుట్టువుల బాధ్యతను పురోహితుడికి వదలలేదు. శ్రావణ శుద్ధ పంచమిని తమిళనాడులో చాలా తెలుగు, కన్నడ కుటుంబాలు గరుడ పంచమిగా జరుపుకుంటాయి. గరుత్మంతుడు సంపాతి, జటాయువులకు స్వయానా పినతండ్రి. వ్రతకథలో ఏడుగురు అన్నలకు ఒక్క చెల్లెలు. అడవిలో పనిచేసే అన్నలకు ఆమె అన్నం మోసుకుపోతుంటే, పైన గద్ద ముక్కులో చిక్కిన పాము విషం కక్కి ఆ గిన్నెలో పడుతుంది. అది తిన్న ఏడుగురూ చనిపోతారు. పార్వతీపరమేశ్వరులు వచ్చి, ఈరోజు నాగపూజ చేయాల్సిన రోజు, చేశావా అని అడుగుతారు. ఆమె అక్కడికక్కడే పూజ చేసి, పుట్టమన్నూ అక్షతలూ అన్నల మీద చల్లగానే నిద్రలేచినట్టు లేస్తారు.

అందుకే ఆరోజు అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల వీపుకు పుట్టమన్ను రాస్తారు. రాయించుకున్నవాడు ఊరికే లేచిపోవడానికి వీల్లేదు. చీరో డబ్బో చేతిలో పెట్టాలి. తక్కువైతే అడిగి మరీ పుచ్చుకుంటారు.