డీప్ ఫ్రీజర్ అడుగున ఏముందో తెలియాలంటే: సంచులతో సర్దుకునే పద్ధతి

పైకి మూత తెరుచుకునే డీప్ ఫ్రీజర్ ఇప్పుడు కిరాణా కొట్లలోనే కాదు, పెద్ద సంసారాలున్న ఇళ్లలోనూ కనిపిస్తోంది. మనవాళ్లు దాన్ని ఐస్‌క్రీం కోసం కొనరు. బెంగళూరు, కోలారు, హోసూరు వైపు సంక్రాంతి ముందు దొరికే అనపగింజలు, యానాంలో గోదావరి వరదతో వచ్చే పులస, షోలాపూరులో చలికాలపు పచ్చి కందులు, ఎండాకాలపు చింతచిగురు, ఇవన్నీ కొద్ది వారాల సరుకులు. పిల్లలు సెలవులకు ఇంటికొచ్చేసరికి ఒక్కటీ దొరకదు. అందుకే దాచిపెడతాం.

అయితే అది బీరువా కాదు, పెట్టె. అరలుండవు. కొత్తగా వచ్చింది పైన పడుతుంది, పాతది అడుక్కి పోతుంది. ఒక ఏడాది మా ఇంట్లో నలుగురం సాయంత్రమంతా కూర్చుని పితికిన పితికిపప్పు, మరుసటి ఏడు కొత్త కాయలు వచ్చాక అడుగున బయటపడింది. మంచు పట్టి, ఎండిపోయి, గడ్డి వాసన కొట్టింది. ఆ తర్వాతే మేము సంచుల పద్ధతికి మారాం.

పద్ధతి చాలా తేలిక. పొట్లాలను విడివిడిగా పెట్టెలో పడేయకుండా, ఒక్కో రకాన్ని ఒక్కో పిడి సంచిలో వేసి, పిడులు పైకి ఉండేలా నిలబెట్టాలి. ఏదైనా కావాలంటే సంచి మొత్తం పైకి తీసి, కావలసింది అందుకుని, మళ్లీ దించేయడమే. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే సంచులు ప్రతి ఇంట్లో పేరుకుపోయి ఉంటాయి కదా, వాటికి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. ఒక్కో సంచిలో మూడు నాలుగు కిలోలకు మించకూడదు. పెట్టెలోకి వంగి బరువు లాగేది సాధారణంగా ఇంట్లో పెద్దావిడే. రెండు వరుసలకు మించి పేర్చవద్దు. చేప, మాంసం కింది వరుసలో ఉండాలి, కరెంటు పోయి కరిగితే ఆ నీరు మిగతావాటి మీద కారదు. గుడ్డ సంచి తడిగా ఉంటే గోడకు అతుక్కుపోతుంది, ఆరినదే వాడండి.

సంచికో రంగు పెట్టుకోవడం మన ఇళ్లలో మరీ అవసరం. అమ్మమ్మ చీటీ మీద తెలుగులో అనపగింజలు అని రాస్తుంది. మనవరాలికి కన్నడమో తమిళమో తప్ప ఆ లిపి రాదు. ఆ గింజే ఒకచోట అవరెకాళు, ఇంకోచోట మొచ్చై. ఎర్ర సంచి మాంసం, నీలం చేప, ఆకుపచ్చ గింజలూ ఆకులూ, పసుపు వండినవి అనుకుంటే ఎవరు ఏ లిపి చదివినా ఇబ్బంది లేదు. అలాగని చీటీ మానకండి. పేరు తెలుగులోనూ, పిల్లలు చదివే లిపిలోనూ రాసి, పక్కన తేదీ వేయండి. నాలుగు పేర్లు అలా కంటపడితే పిల్లలకు కాస్త అక్షరాలూ వస్తాయి.

సంచి మోయడానికే, గాలి ఆపడానికి కాదు. లోపలి పొట్లం గాలి చొరనిదై ఉండాలి, లేకపోతే తేమ పోయి సరుకు ఎండి రంగు మారుతుంది. సిలికాన్ సంచులు వేడినీళ్లతో కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. జిప్ కవర్లు కూడా కడిగి, తిరగేసి, పూర్తిగా ఆరబెట్టి వాడొచ్చు, కానీ పచ్చి చేప, మాంసం వేసినవి మాత్రం పారేయాలి. సరుకును పలచగా పరిచి, గాలి వెళ్లగొట్టి మూయండి. ముందు గోడవైపు పడుకోబెట్టి, గట్టిపడ్డాక సంచిలో నిలబెడితే పుస్తకాల్లా సర్దుకుంటాయి. 200 లీటర్ల పెట్టెలో ఒకేరోజు ఏడెనిమిది కిలోలకు మించి కొత్త సరుకు పెడితే లోపలున్నవీ మెత్తబడతాయి.

మా పితికిపప్పుకు గడ్డి వాసన రావడానికి అడుగున మరిచిపోవడం ఒక్కటే కారణం కాదు. గింజల్లోని ఎంజైములు చలిలోనూ మెల్లగా పనిచేస్తాయి. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, తడి ఆరాక పెడితే ఆ బాధ ఉండదు. గోంగూరను మగ్గబెట్టి పెట్టుకోవడమే మేలు.

మైనస్ 18 డిగ్రీల దగ్గర సరుకు చెడిపోదు గాని రుచి తగ్గుతుంది. పులసలాంటి కొవ్వు చేపను రెండు మూడు నెలల్లో తినేయాలి. వండిన కూరలకూ అంతే.

ఇక కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. నిండా ఉన్న పెట్టె మూత తీయకపోతే సుమారు 48 గంటలు చలి నిలుపుతుంది, సగం నిండింది 24 గంటలే. కాబట్టి ఖాళీ చోట ముప్పావు వంతు నీళ్లు పోసిన సీసాలు పెట్టుకోండి. కరెంటు వచ్చాక ఇంకా మంచు పలుకులున్న సరుకును తిరిగి గడ్డకట్టించవచ్చు. చేప, మాంసం, వండినవి 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉంటే ఎంత ఖరీదైనా పారేయాల్సిందే.

ఊరెళ్లే ముందు ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి, దాన్ని ఫ్రీజరులోనే ఉంచండి. తిరిగొచ్చాక ఐసు మళ్లీ గట్టిగానే ఉన్నా, బిళ్ల అడుగున కనిపించిందంటే మీరు లేనప్పుడు లోపలంతా ఒకసారి కరిగిందన్నమాట.