చర్మాన్ని కాచుకోవడం: కూకట్‌పల్లి చెప్పే చరిత్ర

చర్మ సంరక్షణ అనగానే మనకు గుర్తొచ్చేది తెల్లబడే క్రీముల ప్రకటన. తెలంగాణ నేల మీద ఆ మాటకు ఇంకో చరిత్ర ఉంది. అది కుష్ఠు ఆస్పత్రుల చరిత్ర. దాన్ని మన స్త్రీల చరిత్రలో భాగంగా చదవాలని నాకనిపిస్తుంది.

1915లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి నెలకొల్పారు. అప్పట్లో ఉన్న మందు చాల్ముగ్రా నూనె. దాన్ని సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి. 1940లలో సల్ఫోన్ మందులు రావడంతో పరిస్థితి మారింది. 1958లో వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీదేవి కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. 1962లో ఆమె హైదరాబాద్ మేయర్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ ఆమే.

మందు క్రిమిని చంపుతుంది గానీ, చచ్చిన నరాన్ని బతికించదు. నరం పోయిన చోట చెమట పట్టదు. చర్మం ఎండిపోయి పగులుతుంది. నొప్పి తెలియదు కాబట్టి పగులు పుండవుతుంది. అందుకే రోజూ పాదాలు నీళ్ళలో నానబెట్టడం, ఆనెలను గరుకు రాయితో రుద్దడం, తడి ఆరకముందే నూనె రాయడం, కొత్త గాయాలున్నాయేమో వెతుక్కోవడం. స్త్రీలకు ఇంకో జాగ్రత్త తప్పదు. స్పర్శ లేని వేళ్ళతో పొయ్యి దగ్గర మసిగుడ్డ లేకుండా గిన్నె దించకూడదు. వంట మానెయ్యమని మాత్రం వాళ్ళకు ఎవరు చెప్పారు?

చట్టం కూడా తక్కువ తినలేదు. 1955 హిందూ వివాహ చట్టం కుష్ఠును విడాకులకు కారణంగా ఒప్పుకుంది. అది తొలగింది 2019లో! జబ్బు నయమయ్యే రోజులొచ్చిన ఎన్నో దశాబ్దాలకు.

కూకట్‌పల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలో 1998లో సైబర్ టవర్స్ వెలిసింది. ఈ అద్దాల మేడల మధ్య స్వీయ సంరక్షణ అంటే కొనుక్కునే వస్తువు. 1975 నుంచి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. రంగు మీద మన మోజు పేరుతో పాటు పోలేదు. ల్యూపస్‌తో బతుకుతున్న నేను సన్‌స్క్రీన్ రాసుకుంటే, నల్లబడతానని భయమా అని నవ్వుతారు. ఎండ తగిలితే నాకు జబ్బు తిరగబెడుతుంది. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బితే, కాస్త ఒళ్ళు చేశావే అంటారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు అందులో ఉన్నారు. ల్యూపస్ పేరు లేదు. కంటికి కనిపించని అలసటకు సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

డిచ్‌పల్లి, కూకట్‌పల్లి చరిత్ర నుంచి మనం తీసుకోవలసింది ఇదే. అక్కడ సంరక్షణకు కావలసింది ఒక బకెట్ నీళ్ళు, కాస్త నూనె, కూర్చునే తీరిక, అరికాలు చూసిపెట్టే ఇంకో మనిషి. వీటిలో ఖరీదైనవి చివరి రెండే. రాత్రి షిఫ్టు చేసి, ఇంటికొచ్చి వంట చేసే స్త్రీకి అవి ఏ దుకాణంలోనూ దొరకవు. నిన్ను నువ్వు చూసుకో అని జబ్బుమనిషికి చెప్పే ముందు, ఆమె పనిలో ఎంత పంచుకుంటామో ఇల్లూ ఆఫీసూ చెప్పాలి.