కర్ఫ్యూ ఇళ్ల తారీఖ్

పల్నాడు తారీఖ్ అడిగితే అందరూ కారంపూడి రణమే చెబుతారు. ‘పల్నాటి యుద్ధం’ 1947లో, 1966లో రెండుసార్లు సినిమా అయింది కూడా. రాజుల కిస్సాలకు కెమెరా ఎప్పుడూ దొరుకుతుంది లెండి.

దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన డాక్యుమెంటరీ ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ వేరే. 1984లో ఎన్టీఆర్ సర్కారును కూల్చిన రోజుల్లో హైదరాబాద్‌లో రేగిన ఫసాదుల మీద తీశారు. అందులో లీడర్లున్నారు. నన్ను కదిలించింది మాత్రం కర్ఫ్యూలో రోజీ పోగొట్టుకున్న గరీబు ఇళ్లు. చాకూ తగలని ఇంటికీ ఆకలి తగిలింది. ఆ ఫిల్మును బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ బాగుచేయించి, 2013లో మళ్లీ చూపించింది. మన మొహల్లాల దర్ద్ జర్మనీలో భద్రంగా ఉంది!

మొన్న పిడుగురాళ్లలో, సున్నపు బట్టీల్లో పనిచేసిన ఒక ఖాలాను ఫోన్ కెమెరా ముందు కూర్చోబెట్టాను.

“నా కథేముంది బేటా, పోయి లీడర్లని అడుగు” అంది.

రికార్డింగ్ ఆపలేదు.